శ్రీకాకుళం నుంచి లేహ్ గ్రూప్ రైడ్: దారి, బండ్లు, మనుషుల గురించి మాట్లాడుకుందాం

ఆమదాలవలస_350 | శనివారం రాత్రి 9.10

అందరికీ నమస్తే. చవితి నిమజ్జనాలు అయిపోయాక బయల్దేరి, పైడితల్లమ్మ సిరిమాను నాటికి ఇళ్లకు చేరేలా లేహ్ వెళ్దామని ఎనిమిది మందిమి అనుకుంటున్నాం. శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస నుంచి కొందరు, విజయనగరం బొబ్బిలి వైపు నుంచి మిగతావాళ్లు. క్లాసిక్ 350లు మూడు, హిమాలయన్‌లు రెండు (ఒకటి పాత 411, ఒకటి 450), ఎక్స్‌పల్స్ 200 ఒకటి, పల్సర్ 150 ఒకటి, ఉద్దానం తమ్ముడి స్ప్లెండర్ ఒకటి.

నేను గీసుకున్న దారి చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. విజయనగరం నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు, సుంకి ఘాట్, కోరాపుట్, జయపురం. జగదల్‌పూర్ దగ్గర 30వ నంబరు ఎక్కి కొండగావ్, కేశ్‌కాల్ ఘాట్, కాంకేర్, రాయ్‌పూర్. అక్కణ్ణుంచి నాగ్‌పూర్ వెళ్లి 44 పట్టుకుంటే ఇక శ్రీనగర్ దాకా అదే రోడ్డు: ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ, అంబాలా, పఠాన్‌కోట్, జమ్మూ. శ్రీనగర్ నుంచి జోజి లా (లా అంటే కనుమ), ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్. తిరుగు దారి మనాలి మీదుగా. రానూపోనూ 6 వేల కిలోమీటర్ల పైమాటే.

మాలో మాకు తేడా వస్తున్నది రెండు చోట్ల. బండి మీదే మొత్తం వెళ్లాలా, సగం దూరం రైల్లో పంపాలా అన్నది ఒకటి. ముందు మనాలి ఎక్కాలా, శ్రీనగర్ ఎక్కాలా అన్నది రెండోది. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

బొబ్బిలి_రైడర్ | శనివారం రాత్రి 9.34

నా మాట సూటిగా చెప్తా. ఇంటి గుమ్మం ముందు కిక్ కొట్టి లేహ్‌లో స్టాండ్ వేయాలి. రైల్లో పంపితే అది వేరే ప్రయాణం. రోజుకు 600 కిలోమీటర్లు నడిపితే నాలుగో రోజు సాయంత్రానికి ఢిల్లీలో ఉంటాం. ఇంకోటి, అంత దూరం వెళ్లి ఖర్దుంగ్ లాతో సరిపెట్టుకోకూడదు. ఉమ్లింగ్ లా ఎక్కాలి, 19,024 అడుగులు. జీవితంలో మళ్లీ మళ్లీ కుదిరే పని కాదు కదా.

ఉద్దానం_కుర్రోడు | శనివారం రాత్రి 9.41

అన్నలూ, నా స్ప్లెండర్‌తో రాగలనా లేదా అన్నది ముందు తేల్చండి. కాదంటే ఇప్పుడే చెప్పేయండి, ఏటీ అనుకోను. ఇంట్లో కొత్త బండి కొనే పరిస్థితి లేదు. తిత్లీ తుపానులో పోయిన జీడి తోటలో మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

సాలూరు_ఘాట్ | శనివారం రాత్రి 10.20

రైడర్ గారూ, రోజుకు 600 అన్నది ఒక్క బండికి సరే. ఎనిమిది బండ్లకు కుదరదు. ఒకరికి పెట్రోలు, ఇంకొకరికి టీ, మరొకరికి నడుం నొప్పి, ఎవరిదో లగేజీ తాడు వదులైంది... ఎనిమిది మంది ఒకేసారి ఆగి ఒకేసారి బయల్దేరరు. నాగ్‌పూర్ దాటాక నాలుగు లైన్ల రోడ్డు మీద 450 దాకా లాగొచ్చు. మన సాలూరు నుంచి రాయ్‌పూర్ దాకా మాత్రం అంత ఆశ పెట్టుకోవద్దు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ 550 కిలోమీటర్ల చిల్లర, దాన్ని రెండు రోజులు చేయండి. సుంకి ఘాట్‌లో లారీలు మలుపు మొత్తం తీసుకుని వస్తాయి. వానాకాలం చివర్లో బస్తర్ రోడ్డు మీద ఆవులు మందలు మందలుగా తారు మీదే పడుకుంటాయి, చీకటి పడితే హెడ్‌లైట్‌కి కూడా చివరి క్షణం దాకా కనపడవు. చీకటి పడ్డాక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదన్నది మొదటి రోజు నుంచే నియమం పెట్టుకోండి.

అసలు సంగతేమిటంటే, ఢిల్లీ చేరేసరికి ఒంట్లో సగం సత్తువ పోయిందంటే కొండల్లో దానికి మందు లేదు. ఈ యాత్రలో మొదటి రెండు వేల కిలోమీటర్లు అసలు పరీక్ష కాదు, పరీక్షకు చేరే దారి మాత్రమే. అందరికీ సెలవు దొరికితే నిదానంగా బండి మీదే వెళ్లండి. దొరకనివాళ్లు బండిని రైల్లో పంపితే తక్కువైపోరు.

ఆమదాలవలస_350 | శనివారం రాత్రి 10.31

మాలో ఇద్దరికి సెలవు తక్కువే. ఒకరు టీచరు, ఇంకొకరిది బ్యాంకు. రైలు సంగతి కొంచెం వివరంగా చెప్తారా మాస్టారూ?

సాలూరు_ఘాట్ | శనివారం రాత్రి 10.58

విశాఖ నుంచి అమృత్‌సర్ వెళ్లే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఉంది కదా, శ్రీకాకుళం రోడ్డు, పలాస మీదుగానే పోతుంది. అమృత్‌సర్‌లో దిగితే పఠాన్‌కోట్ వంద కిలోమీటర్ల చిల్లర. ఢిల్లీ ట్రాఫిక్ మొత్తం తప్పిపోతుంది. అది రోజూ నడవదు కాబట్టి తేదీ చూసుకోండి. బండిని మాత్రం బయల్దేరే స్టేషన్లోనే, అంటే విశాఖలోనే ఎక్కించండి. మధ్య స్టేషన్లలో బండి ఆగేది కాసేపే, పార్సిల్ పెట్టెలో చోటు ఉంటుందన్న భరోసా లేదు.

మన టికెట్టు మీద లగేజీగా పెడితే అదే రైల్లో వస్తుంది. పార్సిల్‌గా పెడితే ముందో వెనకో వస్తుంది. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, ఇది గట్టి నిబంధన. ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి. అద్దాలు ఊడదీసి సంచిలో పెట్టుకోండి. హ్యాండిల్, ట్యాంకు, సైలెన్సర్ చుట్టూ గోనెసంచులు, గడ్డి దట్టంగా కట్టించండి. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను అట్టముక్క మీద రాసి రెండు చోట్ల కుట్టించండి, ఒకటి చిరిగినా ఇంకోటి ఉంటుంది.

మాజీ_గ్రెఫ్ | ఆదివారం ఉదయం 6.15

బాబులూ, నాది సోంపేట వైపు. సరిహద్దు రోడ్ల సంస్థలో, అంటే దాని గ్రెఫ్ దళంలో, డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. లద్దాఖ్‌లో ఆ సంస్థ ప్రాజెక్టులు హిమాంక్‌లో ఉన్నాను, విజయక్‌లో ఉన్నాను. మీ రెండో ప్రశ్నకు నా జవాబు: శ్రీనగర్ వైపు నుంచి ఎక్కండి, మనాలి వైపు దిగండి. ఎందుకో చెప్తాను.

శ్రీనగర్ 1,600 మీటర్లు. జోజి లా 3,528 మీటర్లే, అది కూడా దాటి దిగిపోతారు. ఆ రాత్రి కార్గిల్‌లో పడుకుంటారు, అది 2,700. మర్నాడు నామికా లా, ఫోటు లా దాటి లేహ్, 3,500. ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. మనాలి వైపు నుంచి ఎక్కితే అలా కాదు. మనాలి 2 వేల మీటర్లు. అటల్ సొరంగం 2020లో తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కి దిగే బాధ లేదు, 9 కిలోమీటర్ల సొరంగంలోంచి లాహౌల్‌లో తేలతారు. సులువైపోయింది కదా అని కుర్రాళ్లు అదే ఊపులో బారాలాచా లా, 4,890 మీటర్లు, ఎక్కేసి సర్చులో పడుకుంటారు. సర్చు 4,290. ఆ రాత్రి సగం మంది తలపట్టుకుని కూర్చుంటారు. కిందికి పోదామంటే ఇటు బారాలాచా ఎక్కాలి, అటు లాచులుంగ్ లా ఎక్కాలి, అది 5 వేల పైన. మధ్యలో ఇరుక్కుపోయినట్టే.

అదే లేహ్ నుంచి మనాలి వైపు వచ్చేటప్పటికి వారం రోజులు ఎత్తులో ఉండి ఉంటారు. సర్చులో పడుకున్నా ఒళ్లు తట్టుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. సెప్టెంబరు మూడో వారం దాటితే సర్చులో గుడారాలు ఎత్తేయడం మొదలుపెడతారు. రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. మీ తేదీలు అక్టోబరులోకి జరిగితే మనాలి దారి మానేసి వచ్చిన దారినే వెనక్కి రండి. అప్పుడు అయ్యో అనుకోవద్దు.

వంశధార | ఆదివారం ఉదయం 7.02

పైన చెప్పిన టీచరుని నేనే. పాత హిమాలయన్ నాది. గ్రెఫ్ బాబాయ్ గారూ, జోజి లా గురించి ఇంకొంచెం చెప్పండి. వీడియోలు చూసి ఇంట్లో అమ్మ బెంగపెట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి జరిగినప్పటి నుంచి కశ్మీర్ అన్న మాట వింటేనే ఇంట్లో భయం. ఆ వైపు దారి మూసేస్తే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకుంటే అమ్మకి చెప్పుకోడానికి ఉంటుంది.

మాజీ_గ్రెఫ్ | ఆదివారం ఉదయం 8.30

తల్లీ, జోజి లా ఎత్తు తక్కువే గానీ రోడ్డు ఇరుకు, ఒక పక్క లోయ. వాన పడితే బురద. అమర్‌నాథ్ యాత్ర సెప్టెంబరుకి ముగిసిపోతుంది కాబట్టి సోనమార్గ్ దగ్గర రద్దీ తగ్గుతుంది. ఒక్కోసారి ట్రాఫిక్ పోలీసులు ఒకవైపే వదులుతారు, ముందు రోజు సాయంత్రమే సోనమార్గ్‌లో కనుక్కోండి. పొద్దున్నే ఎక్కండి. పైకి ఎక్కే బండికి దారి ఇవ్వాలి, అది కొండ రోడ్డు నియమం. ఎదురుగా కాన్వాయ్ వస్తే కొండ పక్కకు ఒదిగి ఆగండి, లోయ పక్కన ఎప్పుడూ ఆగొద్దు. అక్కడ అంచు గట్టిగా కనిపించినా లోపల గుల్లగా ఉంటుంది.

శ్రీనగర్ దారి కంటే ముందు ఉధంపూర్, రాంబన్ మధ్య చూసుకోవాలి. అక్కడ కొండచరియలు జారితే రోజుల తరబడి ఆగిపోతుంది. దారి మూసినా, పరిస్థితి బాగోలేకపోయినా అంబాలా నుంచే మనాలి వైపు తిరిగిపోండి. అప్పుడు మాత్రం జిస్పాలో, 3,200 మీటర్ల దగ్గర, రెండు రాత్రులు ఉండి తీరాలి. మీ అమ్మగారికి ఇదే చెప్పు.

ద్రాస్‌లో ఆగండి. తోలోలింగ్ కొండ కిందే కార్గిల్ యుద్ధ స్మారకం. గోడ మీద పేర్లు చదువుకుంటూ నెమ్మదిగా నడవండి. మన జిల్లా నుంచి పట్టాలం వెళ్లినవాళ్లు ఎందరో, ఆ కొండల్లో నాతో తెలుగులో మాట్లాడిన జవాన్లు ఎందరో. ఆ ఒక్క చోటుకి గంట ఎక్కువ కేటాయించండి బాబులూ.

నెల్లిమర్ల_డాక్టర్ | ఆదివారం ఉదయం 10.45

గ్రెఫ్ గారు చెప్పినదానికి వైద్యం వైపు నుంచి జోడిస్తాను. మనం సముద్ర మట్టం దగ్గర బతికేవాళ్లం. 5,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో దాదాపు సగం, అంటే ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా సగమే. దీనికి వ్యాయామంతో సంబంధం లేదు. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడికి రావచ్చు, పక్కనున్న 58 ఏళ్ల పెద్దాయనకు రాకపోవచ్చు. ఎంత తొందరగా ఎక్కారన్నదే ముఖ్యం.

పద్ధతి ఏమిటంటే, 3 వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి ఉన్నచోటే ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది పెద్ద లెక్క. లేహ్ చేరాక రెండు పూర్తి రోజులు బండి ముట్టుకోకండి. నీళ్లు తాగండి, మద్యం వద్దు, నిద్రమాత్రలు అసలే వద్దు.

తలనొప్పి, దాంతోపాటు వాంతి, ఆకలి లేకపోవడం, నీరసం వస్తే అది ఎత్తు జబ్బే అనుకోండి. తగ్గేదాకా ఒక్క మీటరు పైకి వెళ్లొద్దు. పెరుగుతుంటే దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. మాట తడబడినా, మనిషి తికమకపడినా మెదడు వాస్తోందన్నమాట. ఒక చిన్న పరీక్ష అందరూ నేర్చుకోండి. నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేలు ఆనించి పది అడుగులు నడిపించండి. తూలితే అర్ధరాత్రయినా కిందికి దించాలి. పొద్దున చూద్దాం అనుకునే టైము ఉండదు. లేహ్‌లో సోనమ్ నోర్బూ ప్రభుత్వాసుపత్రికి ఇలాంటి కేసులు బాగా అలవాటు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. దాని మందు పేరు అసిటజోలమైడ్, పనిచేస్తుంది, ఎక్కడం మొదలవడానికి ముందు రోజు నుంచి వాడతారు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకు ప్రమాదం కావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు. ఉద్దానం నుంచి వచ్చేవాళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నా. మన దగ్గర కిడ్నీ జబ్బు పైకి కనపడకుండా ఉంటుంది, బయల్దేరే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైకి పోవద్దు.

ఉద్దానం_కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 12.20

డాక్టర్ గారూ, చేయించుకుంటాను. మా నాన్నకి ఆ జబ్బుంది, నన్ను ఇంతవరకు ఎవరూ పరీక్ష చేయించుకోమని అనలేదు.

నెల్లిమర్ల_డాక్టర్ | ఆదివారం మధ్యాహ్నం 12.26

రైడ్ ఉన్నా లేకపోయినా ఈ వారమే వెళ్లు బాబూ. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ఆసుపత్రి ఉంది కదా. రిపోర్టు వచ్చాక నాకు మెసేజ్ పెట్టు.

రాజాం_గ్యారేజ్ | ఆదివారం మధ్యాహ్నం 2.05

ఇక బండ్ల సంగతి. ముందు స్ప్లెండర్ గురించే మాట్లాడతా, తమ్ముడు పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నాడు.

స్ప్లెండర్ వస్తుంది. 8 హార్స్‌పవర్ ఇంజను, అంత ఎత్తులో సగం బలమే ఉంటుంది. కాబట్టి దాని మీద ఒక్క మనిషే, లగేజీ తక్కువ. గుడారం, సామాను 450 మీద వేయండి. ఎక్కేటప్పుడు ఒకటో గేరు, రెండో గేరు, 15 కిలోమీటర్ల వేగం, అంతే. కార్బురేటర్ మోడలైతే పైన గాలి పలచబడి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, నల్ల పొగ కక్కుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ కొత్తది, ప్లగ్గులు రెండు అదనంగా పెట్టుకో. ఇంజెక్షన్ మోడలైతే పాళ్లు అదే సర్దుకుంటుంది, బలం తగ్గడం మాత్రం దానికీ తప్పదు. దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకు మీదే ఆధారపడితే వేడెక్కి పట్టదు. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు.

పెట్రోలు లెక్క చూడండి. లేహ్ దగ్గరి కరూ బంకు దాటాక మనాలి దారిలో మళ్లీ పెట్రోలు లాహౌల్‌లోని తాండీలోనే అనుకుని లెక్క వేయాలి. తాండీ బంకు దగ్గర చాలా ఏళ్లుగా అందరూ ఫొటో దిగే బోర్డు మీద 365 కిలోమీటర్లని రాసి ఉండేది. లగేజీతో, ఆ ఎత్తులో క్లాసిక్ 27 ఇస్తుందనుకోండి. ట్యాంకు 13 లీటర్లు, 351 కిలోమీటర్లకు ఆగిపోతుంది. పాత హిమాలయన్ 15 లీటర్లు, 25 ఇస్తే 375, అంచు మీద. స్ప్లెండర్ ట్యాంకు 9.8 లీటర్లే, కానీ 45 ఇచ్చినా 440 పోతుంది. పల్సర్‌కి దిగులే లేదు. అంటే క్యాన్లు మోయాల్సింది పెద్ద బండ్లవాళ్లే. ఒక్కో క్లాసిక్‌కి 5 లీటర్లు, హిమాలయన్లకు కలిపి 5. నీళ్ల బాటిళ్లలో పోసి కట్టొద్దు, ఎత్తు పెరిగేకొద్దీ ఉబ్బి కారుతాయి. రేకు క్యాను, రబ్బరు వాషరున్న మూత.

ట్యూబులు: క్లాసిక్‌కి ముందు 19, వెనక 18. హిమాలయన్లకు ముందు 21, వెనక 17. ఎక్స్‌పల్స్‌కి 21, 18. కాబట్టి మనిషికి రెండేసి కొనక్కర్లేదు, గ్రూపు మొత్తానికి సైజుకొకటి, 18వి మాత్రం రెండు. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం ఎవరి బండివి వాళ్లు కొని, పాత కేబుల్ పక్కనే ఇప్పుడే కట్టేసి ఉంచండి. తెగినప్పుడు చివర్లు మార్చి బిగించుకోవడమే.

ఒక ఆదివారం అందరూ నా దగ్గరికి రండి. వెనక చక్రం ఊడదీసి, ట్యూబు తీసి, పంచరు వేసి, మళ్లీ బిగించడం ఒక్కొక్కరూ తమ చేత్తో చేయాలి. ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే, తొందరలో కొత్త ట్యూబు తోసేస్తారు. టైరు లోపల వేలితో చుట్టూ మెల్లగా తడమాలి. మేకు మొన లోపలే ఉంటుంది, కొత్త ట్యూబుని కూడా పొడిచేస్తుంది. లేహ్-మనాలి దారిలోని మోరే మైదానం మధ్యలో, చల్లగాలిలో, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు అది గుర్తు రావాలంటే ఇక్కడ చెమట పోస్తూ నేర్చుకోవాలి.

బొబ్బిలి_రైడర్ | ఆదివారం సాయంత్రం 5.50

ఇవన్నీ చదివాను. మంచి మాటలే. కానీ ఉమ్లింగ్ లా విషయం ఎవరూ ముట్టుకోలేదు. 450 ఉంది, ఎక్స్‌పల్స్ ఉంది. మేం ముగ్గురం వెళ్లొస్తాం, మిగతావాళ్లు లేహ్‌లో ఉండొచ్చు కదా?

మాజీ_గ్రెఫ్ | ఆదివారం సాయంత్రం 6.40

బాబూ, ఖర్దుంగ్ లాకి, ఉమ్లింగ్ లాకి తేడా అడుగుల్లో లేదు. ఖర్దుంగ్ లా 5,359 మీటర్లు, పొద్దున ఎక్కి, పైన పది నిమిషాలు ఉండి, అవతల నుబ్రా లోయలోకి దిగిపోతావు. ఆ రాత్రి హుందర్‌లో 3,100 దగ్గర పడుకుంటావు, లేహ్ కంటే తక్కువ. ఉమ్లింగ్ లా 5,798. దానికి పోవాలంటే హాన్లేలో పడుకోవాలి, అదే 4,300 చిల్లర. అక్కడి నుంచి పైకి ఒకరోజు, తిరిగి హాన్లే. ఎవరికైనా తేడా చేస్తే లేహ్ ఆసుపత్రి 250 కిలోమీటర్లు. ఫోను పనిచేస్తుందన్న భరోసా లేదు.

అంతకంటే పెద్ద మాట. ఎనిమిది మందిగా బయల్దేరిన గుంపు ముగ్గురు, ఐదుగురుగా చీలితే సామాను చీలుతుంది, ట్యూబులు చీలుతాయి, పంపు ఒకరి దగ్గర పానాలు ఇంకొకరి దగ్గర మిగులుతాయి. మేం మంచు తీసేటప్పుడు కూడా మెషీన్లు ఒకదానికొకటి కనపడేంత దూరంలోనే ఉంచేవాళ్లం.

నెల్లిమర్ల_డాక్టర్ | ఆదివారం సాయంత్రం 6.52

నా ఓటు కూడా దానికే. మొదటిసారి వెళ్లేవాళ్లకు నుబ్రా, పాంగోంగ్ సరస్సు చాలు. పాంగోంగ్ ఒడ్డున రాత్రి ఉంటే అది 4,250 మీటర్లు, కాబట్టి నుబ్రా అయ్యాకే వెళ్లండి.

బొబ్బిలి_రైడర్ | ఆదివారం రాత్రి 8.15

హాన్లేలో పడుకోవాలన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. సరే, ఉమ్లింగ్ లా ఈసారికి వద్దు. కానీ ఢిల్లీ దాకా బండి మీదే వస్తాను, ఆ మాట మీద ఉన్నాను.

వంశధార | ఆదివారం రాత్రి 8.40

రైడర్ అన్నయ్యా, అలాగే రండి. నేనూ బ్యాంకు తమ్ముడూ బండ్లను హిరాకుడ్‌లో వేసి అమృత్‌సర్‌లో దిగి పఠాన్‌కోట్‌లో మీకోసం చూస్తాం.

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. లద్దాఖ్ వెళ్లొచ్చిన స్నేహితురాళ్లని అడిగి తెలుసుకున్న సంగతులు. పాంగ్, సర్చు వైపు గుడారం ఢాబాల్లో మరుగుదొడ్డి అంటే తడికల చాటు ఒక గుంట, నీళ్లు ఉండవు. తడి రుమాళ్లు, చిన్న టార్చి, వాడినవి వేసుకోడానికి జిప్పున్న నల్ల కవరు దగ్గరుంచుకోండి, ఆ కవరు మనాలి దాకా తెచ్చి పారేయండి. నీళ్లు తాగితే ఆగాల్సి వస్తుందని తాగడం మానేసేవాళ్లు ఎక్కువ, ఆ ఎత్తులో అది తలనొప్పిని ఇంకా పెంచుతుంది. గ్రూపులో ఆడమనిషి ఉన్నా లేకపోయినా గంటన్నరకోసారి ఆగడం నియమంగా పెట్టేస్తే ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

సాలూరు_ఘాట్ | ఆదివారం రాత్రి 9.05

ఆ నియమం చాలా మంచిది చెల్లెమ్మా. మిగతావి కూడా చెప్పేస్తా.

ముందు నడిచేది దారి తెలిసిన బండి. దాని వెనకే రెండో స్థానంలో స్ప్లెండర్ ఉండాలి. వెనకపడేస్తే అది అందుకోవాలని తొందరపడుతుంది, ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. రెండో స్థానంలో ఉంటే గుంపు మొత్తం దాని వేగంతో నడుస్తుంది. చివర్లో పనిముట్లు, మందుల పెట్టె ఉన్న బండి, అది ఎవరినీ దాటకూడదు. హైవే మీద అటొకటి ఇటొకటిగా, రెండేసి సెకన్ల ఎడం. ఘాట్‌లో ఒకరి వెనక ఒకరు. ప్రతివాడూ తన వెనక బండి హెడ్‌లైట్ అద్దంలో చూసుకుంటూ నడపాలి. అది కనపడకపోతే ఆగాలి. అతను ఆగితే అతని ముందున్నవాడికి అతను కనపడడు, అతనూ ఆగుతాడు. ఇలా ఫోను లేకుండానే గుంపు మొత్తం ఆగిపోతుంది. మనాలి దారిలో ఉప్షీ, దార్చా మధ్య సిగ్నల్‌ని నమ్ముకోలేం కాబట్టి ఇదే మీ ఫోను.

ఫోనంటే గుర్తొచ్చింది, మన ప్రీపెయిడ్ సిమ్ము జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయదు. ఇప్పుడే కనీసం నలుగురు పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. బండి తండ్రి పేరు మీద ఉంటే ఆయన సంతకంతో ఉత్తరం, ఆధార్ నకలు పెట్టుకోండి. ఢిల్లీలోనో మనాలిలోనో బండి అద్దెకు తీసుకుందామని ఎవరైనా అనుకుంటే, బయట అద్దె బండ్లను లద్దాఖ్‌లో తిరగనివ్వరు, అక్కడి యూనియన్లు ఆపేస్తాయి. సొంత బండికి ఆ ఇబ్బంది లేదు.

మంచు కరిగిన నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారే చోట్లు వస్తాయి. పొద్దున మోకాలి కింద ఉన్న నీరు మధ్యాహ్నానికి ఇంజను దాకా వస్తుంది, ఎండకి మంచు కరుగుతుంది కదా. అలాంటి చోట్లు ఉన్న రోజున ఐదింటికే బయల్దేరాలి. ముందు ఒకరు నడిచి అడుగు చూడాలి, తర్వాతే బండి. ఒకటో గేరు, యాక్సిలరేటర్ వదలకుండా, కాళ్లు రెండూ దించడానికి సిద్ధంగా.

టెక్కలి_పక్షి | ఆదివారం రాత్రి 9.48

నాకు బండి లేదు, మీతో రావట్లేదు. కానీ ఒక మనవి. మోరే మైదానం చదునుగా, రోడ్డులాగే కనిపిస్తుంది. వీడియోల కోసం చాలామంది రోడ్డు దిగి దుమ్ము లేపుతారు. ఆ నేల మీద వేలి పొడవు గడ్డి పెరగడానికి ఏళ్లు పడుతుంది, అడవి గాడిదలు కియాంగ్‌లు దాన్నే మేస్తాయి. మైదానానికి పక్కనే త్సో కార్ సరస్సు, 2020లో రామ్‌సర్ జాబితాలో చేరింది. నల్లమెడ కొంగలు అక్కడ గూళ్లు పెడతాయి, అది లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక పక్షి. తేలినీలాపురంలో గూడబాతులు పిల్లలు పెట్టే రోజుల్లో మన చెట్ల కింద ఎవరైనా బండ్లు తోలి గోల చేస్తే మనకెంత కడుపు మండుతుందో లద్దాఖ్ వాళ్లకీ అంతే. చక్రం రోడ్డు దిగనివ్వకండి. కొంగ కనపడితే ఇంజను ఆపి చూడండి, ఫొటో నాకు పంపండి.

ఆమదాలవలస_350 | ఆదివారం రాత్రి 10.15

అందరికీ చాలా చాలా థాంక్స్. అయితే ఇలా అనుకుంటున్నాం. శ్రీనగర్ వైపు ఎక్కడం, లేహ్‌లో రెండు రోజులు విశ్రాంతి, నుబ్రా, తర్వాత పాంగోంగ్, మనాలి వైపు దిగడం. ఇద్దరి బండ్లు రైల్లో. స్ప్లెండర్ రెండో స్థానంలో.

గ్యారేజ్ గారి దగ్గర చక్రాల పని అయ్యాక ఒక ట్రయల్ పెడదామా? పూర్తి లగేజీతో సుంకి ఘాట్ ఎక్కి, దేవమాలి దాకా వెళ్లి, కోరాపుట్‌లో రాత్రి ఉండి వెనక్కి. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తయిన శిఖరం, పై దాకా రోడ్డుంది.

సాలూరు_ఘాట్ | ఆదివారం రాత్రి 10.22

తప్పకుండా. వాన పడే రోజే పెట్టండి, పొడి రోజు చూసుకోవద్దు. రెయిన్‌కోటు ఎక్కడ కారుతుందో, ఏ తాడు వదులవుతుందో ఇక్కడే తెలియాలి. గజపతినగరం దగ్గర ఐదున్నరకి కలుద్దాం, అప్పటికే ట్యాంకులు నిండి ఉండాలి. సాలూరు నుంచి నేను ముందు నడుస్తాను.

ఉద్దానం_కుర్రోడు | మంగళవారం సాయంత్రం 4.10

డాక్టర్ గారూ, రిపోర్టు వచ్చింది, మీకు మెసేజ్‌లో పెట్టాను. అన్నలూ, నాకు చలి జాకెట్టు, చేతి గ్లవుజులు లేవు. ఎవరి దగ్గరైనా పాతవి ఉంటే కొంటాను.

నెల్లిమర్ల_డాక్టర్ | మంగళవారం సాయంత్రం 4.55

చూశాను. అంతా మామూలుగానే ఉంది. హాయిగా వెళ్లు. ఏడాదికోసారి ఈ పరీక్ష మాత్రం మానకు.

మాజీ_గ్రెఫ్ | మంగళవారం సాయంత్రం 5.30

కొనొద్దు బాబూ. నా సర్వీసు జాకెట్టు పెట్టెలో ఉంది, గ్లవుజులు కూడా. సోంపేట వచ్చి తీసుకెళ్లు. వచ్చేటప్పుడు బండి మీదే రా, చైను సంగతి ఒకసారి నేనూ చూస్తాను.